పిలిచినవాడే వడ్డింపవలెను

(ధ్యానమునకు: ఆదికాండము 18:1–8, లూకా 10:38–42, యోహాను 21:9–13, 1 పేతురు 4:9)



ఆతిథ్యమును గూర్చి మన సంఘములలో ప్రసంగములకు కొదువ లేదు. అబ్రాహాము గుడారము, సారెపతు విధవరాలి పిండి తొట్టి, షూనేము స్త్రీ మేడమీద కట్టించిన చిన్న గది మనకందరకు బాగుగా తెలిసినవే. అయితే ఆ ప్రసంగములలో అరుదుగా వినబడు ప్రశ్న ఒకటి కలదు. ఆతిథ్యము మంచిదా కాదా అనునది ఆ ప్రశ్న కాదు. మంచిదని అందరమును ఒప్పుకొందుము. ఆ ఆతిథ్యము ఎవరి చేతులమీదుగా జరుగుచున్నది? పేరు ఒకరికిని, పొయ్యి పొగ మరియొకరికిని దక్కుచున్నదా? ఈ నెల మనము ఆలోచింపవలసినది ఇదియే.

ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత గుడి మెట్లమీద ఇంటి యజమానుడు నిలిచి, వచ్చిన నలుగురిని చూచి, "మధ్యాహ్నము మా ఇంట భోజనము" అనును. ఆ మాట పలుకుటకు ఒక నిమిషము చాలును. దానిని నిలువబెట్టుటకు ఇంటిలో ఒక స్త్రీకి నాలుగు గంటలు పట్టును. నీళ్లు తెచ్చుట, ఎసరు పెట్టుట, కూర తరుగుట, వడ్డించుట, అందరును తినిన తరువాత మిగిలినది తినుట, గిన్నెలు తోముట ఆమె వంతు. వచ్చినవారు చేతులు తుడుచుకొని, యజమానుని వైపు చూచి, "అయ్యా, మీది అన్నము పెట్టు చేయి" అని మెచ్చుకొని పోవుదురు. అన్నము పెట్టిన చేయి వంటయింటిలో బూడిదలో ఉన్నదని ఎవరికిని తోచదు.

ఈ ప్రశ్నకు జవాబు వెదకుచు మేము ఈ మారు ఒక క్రైస్తవ మఠము వైపు మిమ్మును తీసికొని పోవుదుము. మనము ప్రొటెస్టంటులము, సన్యాసుల మఠముతో మనకేమి పని అని కొందరు అడుగవచ్చును. ఆ అభ్యంతరమునకు తరువాత వచ్చెదము. ముందుగా ఆ మఠములో ఒక దినము ఎట్లు గడచునో, వాకిట ఒక పరదేశి నిలిచినప్పుడు ఏమి జరుగునో చూతము.

మఠములో ఒక దినము

బెనెడిక్టు అను భక్తుడు సుమారు క్రీ.శ. 480లో ఇటలీ దేశమందు పుట్టెను. 529 ప్రాంతమున మోంటె కస్సీనో అను కొండమీద ఒక మఠమును స్థాపించి, అందులోని సహోదరుల కొరకు 73 అధ్యాయములుగల చిన్న నియమావళి వ్రాసెను. సుమారు పదునైదు వందల సంవత్సరములుగా లోకమందు అనేక మఠములు ఆ నియమావళి ప్రకారమే నడచుచున్నవి.

ఆ జీవితము మూడు త్రాళ్ల పేట వంటిది: ప్రార్థన, చేతిపని, చదువు. పగలు ఏడు మారులు, రాత్రి ఒక మారు సహోదరులు కీర్తనలతో దేవుని సన్నిధిని కూడుదురు. మధ్య వేళలలో పొలములోను, తోటలోను, పనిశాలలోను పాటుపడుదురు. కొన్ని గంటలు లేఖనములు చదువుదురు. ఎవనికిని స్వంత ఆస్తి లేదు. మఠపు పారలు, కొడవళ్లు, గిన్నెలు మొదలగు వస్తువులన్నిటిని బలిపీఠపు పాత్రలవలె చూడవలెనని నియమము. రైతు తన నాగలిని, కూలి తన పారను అట్లు చూచినయెడల మన పొలములే ప్రార్థనా స్థలములగును గదా!

ఇందులో మన ప్రశ్నకు దగ్గరగా ఉన్న అధ్యాయము 35వది. అది వంటయింటిని గూర్చినది. సహోదరులు వారమునకు వంతు చొప్పున ఒకరికొకరు వండి వడ్డింపవలెను. రోగియైనవాడు, మఠమునకు అత్యవసరమైన పనిలో ఉన్నవాడు తప్ప మరి ఎవడును ఆ వంతు తప్పించుకొనరాదు. ఏ గొప్ప ఇంట పుట్టినను, ఎంత చదువు చదివినను వాని వారము వచ్చినప్పుడు వాడు పొయ్యి దగ్గర ఉండవలసినదే. బలహీనుడైనవానికి సహాయకులను ఇయ్యవలెను. భోజనమునకు ఒక గంట ముందు వడ్డించువారికి కొంచెము రొట్టెయు పానీయమును అదనముగా ఇయ్యవలెను. ఆకలితో నిలిచి వడ్డించువాడు సణుగకుండునట్లు ఈ ఏర్పాటు చేయబడెను. శనివారమున వంతు ముగించువాడు తువాళ్లు ఉతికి, పాత్రలు శుభ్రపరచి అప్పగించును. తరువాత వంతు ముగించువాడును, క్రొత్తగా మొదలు పెట్టువాడును కలిసి అందరి పాదములు కడుగుదురు. ఆదివారమున ప్రార్థనాలయములో అందరి యెదుట సాగిలపడి, తమ కొరకు ప్రార్థింపుమని కోరుదురు.

ప్రియులారా, దీనిని కొంచెము ఆలోచించుడి. మన సంఘములో పెద్దను నియమించునప్పుడు ప్రార్థింతుము. సువార్తకు బయలుదేరువాని కొరకు ప్రార్థింతుము. ఈ వారము వంట చేయువారి కొరకు గుడిలో నిలిచి ప్రార్థించిన దినము ఏది?

వాకిట నిలిచిన పరదేశి

ఇప్పుడు మఠపు గుమ్మము దగ్గరకు వత్తము. అక్కడ ఒక వృద్ధుడు కాపురముండును. అతని గది తలుపు ప్రక్కనే ఉండవలెను. ఏ వేళ ఎవరు వచ్చినను పలుకువాడు లేకపోరాదు. ఎవరైనను తట్టగానే, బీదవాడు పిలువగానే, ఆ వృద్ధుడు మొదట దేవునికి కృతజ్ఞత చెల్లించును. ఎవడు వచ్చెనో, ఏమి కోరునో ఇంకను తెలియదు. అయినను ముందు వచ్చునది కృతజ్ఞతయే. "ఈ వేళప్పుడు ఎవరో" అని విసుగుకొనుట మన ఇండ్లలో ఎంత సులభముగా వచ్చునో మనకు తెలియును.

వచ్చిన ప్రతి అతిథిని క్రీస్తునే చేర్చుకొన్నట్లు చేర్చుకొనవలెనని 53వ అధ్యాయపు నియమము. తాను పరదేశిగా ఉండగా తనను చేర్చుకొంటిరని ప్రభువు తీర్పుదినమున చెప్పెదనన్న మాటమీద (మత్తయి 25:35) అది నిలిచియున్నది. మొదట అతిథితో కూడ ప్రార్థన చేయుదురు, తరువాత సమాధానపు ముద్దు, తరువాత లేఖన పఠనము, తరువాత అన్నము. మఠాధిపతి తన స్వహస్తములతో అతిథి చేతులమీద నీళ్లు పోయును. ఆయనయు సహోదరులందరును అతిథి పాదములు కడుగుదురు. మన పల్లెలలో చుట్టము గడప దగ్గరకు రాగానే కాళ్లకు చెంబుతో నీళ్లిచ్చుట ఉన్నది గదా, అదియే ఇది. భేదమేమనగా, మన ఇంట ఆ చెంబు సాధారణముగా కోడలిచేతనో చిన్నపిల్లచేతనో వచ్చును. అక్కడ ఇంటి పెద్దచేత వచ్చును.

మరియొక నియమము మిక్కిలి గమనింపదగినది. బీదలను, యాత్రికులను విశేష శ్రద్ధతో చేర్చుకొనవలెను. ఎందుకనగా ధనవంతునికి గౌరవము చేయుమని ఎవరును నేర్పనక్కరలేదు. అతనియెడల ఉన్న భయమే గౌరవము చేయించును. మనుష్య హృదయమును ఎరిగినవాని మాట ఇది.

అయితే ఇట్టి ఆతిథ్యము మఠపు క్రమమును పాడుచేయదా? అతిథులు వేళకాని వేళ వత్తురు, మఠమునకు వారి కొదువ ఎన్నడును ఉండదు అని బెనెడిక్టు ఎరుగును. కావున మఠాధిపతికిని అతిథులకును వేరుగా వంటశాల ఏర్పరచి, బాగుగా పని చేయగల ఇద్దరు సహోదరులను ఒక సంవత్సరము అందులో నియమింపుమనెను. పని ఎక్కువైనప్పుడు వారికి సహాయకులను ఇయ్యవలెను. వారు సణుగకుండ పని చేయునట్లు అట్లు చేయవలెను. అతిథుల గదిలో చాలినన్ని పడకలు సిద్ధముగా ఉండవలెను. సహోదరులందరును పని విడిచి అతిథితో కబుర్లకు కూర్చుండరాదు.

సణుగకుండ అను మాటను ఆయన పేతురు పత్రికనుండియే నేర్చుకొన్నట్లున్నది. సణుగకుండ ఆతిథ్యము చేయుడని పేతురు ఆజ్ఞాపించెను. మనము ఆ వాక్యమును చదివి, సణుగువారిని గద్దింతుము. మఠములోనైతే సణుగుటకు కారణము వెదకి, సహాయకుని పంపుదురు. ఒకే వాక్యమునకు లోబడు మార్గములు రెండు. ఏది ప్రేమకు దగ్గరయో మీరే చెప్పుడి.

మన దక్షిణదేశములో

ఇదంతయు దూరదేశపు పాత కథ అనుకొనవద్దు. మన తెలుగు నేలకు ప్రక్కనే, తమిళదేశములోని తిరుప్పత్తూరులో, 1921లో క్రీస్తుకుల ఆశ్రమము స్థాపింపబడెను. స్థాపించినవారు ఇద్దరు వైద్యులు, ఇద్దరును ప్రొటెస్టంటులు: సవరిరాయన్ యేసుదాసన్‌గారు తమిళుడు, ఎర్నెస్టు ఫారెస్టర్ పేటన్‌గారు స్కాట్లండు దేశస్థుడు. వివాహము లేక, ఖద్దరు ధరించి, ఒకే ఇంట, ఒకే భోజనముతో వారు జీవించిరి. దొరయు దేశీయుడును వేరు వేరు బంగళాలలో నివసించిన ఆ కాలములో అది చిన్న సంగతి కాదు. జనులు ఒకరిని పెద్దన్న అనియు, మరియొకరిని చిన్నన్న అనియు తమిళములో పిలిచిరి. పెద్దన్న అనిపించుకొన్నవాడు దేశీయుడని గమనించుడి. ఆశ్రమములో ప్రార్థనయు, రోగుల సేవయు కలిసి నడచెను. శాకాహారమే వండిరి. ఆ బంతిలో ఏ మతస్థుడైనను సంకోచము లేక కూర్చుండవచ్చును. అతిథి తినగలిగినదే ఇంటివారును తినుట ఆతిథ్యములో ఒక గొప్ప పాఠము.

కేరళలోని వాగమణ్ కొండలమీద 1958లో కురిశుమల ఆశ్రమము ఏర్పడెను. ఆ మాటకు క్రూసు కొండ అని అర్థము. బెల్జియము దేశమునుండి వచ్చిన ఫ్రాన్సిస్ ఆచార్యగారును, ఇంగ్లండునుండి వచ్చిన బీడ్ గ్రిఫిత్స్‌గారును దాని ఆరంభకులు. వీరు రోమను కతోలికులు. సురియాని ఆరాధనా క్రమమును అనుసరించిరి. కాషాయము ధరించి, నేలమీద కూర్చుండి భుజించి, పాడి పశువులను పెంచి ఆ ఆశ్రమవాసులు జీవనము గడిపిరి. చుట్టుప్రక్కల రైతులకు పాడిపనిలో సహాయపడిరి. తాము పిదికిన పాలమీద బ్రదుకువారి ఇంట అతిథికి దొరకు అన్నము ఇతరుల చందాలమీద వచ్చినది కాదు; వారి చేతుల కష్టము.

మన సంస్కర్తలు ఏమి చేసిరి?

ఇప్పుడు అభ్యంతరమునకు వత్తము. మార్టిన్ లూథరుగారు మఠములో ఉండి బయటకు వచ్చినవాడు. మఠపు వ్రతములచేత దేవుని యెదుట నీతి సంపాదింపవచ్చునను బోధను మన పితరులు త్రోసివేసిరి. 1530 నాటి ఔగ్స్‌బర్గు విశ్వాస ప్రమాణములో ఆ వ్రతములను గూర్చి ఒక అధ్యాయమే ఉన్నది. రక్షణ కృపవలననే, వంటవలన కాదు, ఉపవాసమువలన కాదు, పాదములు కడుగుటవలన కాదు. ఇందులో మనము ఒక అడుగైనను వెనుకకు పోము.

అయితే చరిత్రలో తరువాత జరిగినది కూడ చూడవలెను. 1525లో లూథరుగారు కాతరీనా ఫాన్ బోరా అను ఆమెను వివాహమాడెను. ఆమెయు కన్యాస్త్రీల మఠమును విడిచి వచ్చినదే. వారు కాపురము పెట్టిన ఇల్లు ఏది? విట్టెన్‌బర్గులో లూథరుగారు సన్యాసిగా ఉండిన పాత మఠపు భవనమే. ఆ ఇంట విద్యార్థులు బస చేసిరి, బంధువుల అనాథ పిల్లలు పెరిగిరి, రోగులు వచ్చిరి, దేశమునుండి తరుమబడినవారు తలదాచుకొనిరి. ఇట్లు మఠపు ఆతిథ్యము గృహస్థుని ఇంటికి వచ్చెను. ఇది సంఘమునకు గొప్ప మేలు. దేవుని సేవకు ఇల్లు విడువనక్కరలేదు, ఇంటినే తెరువవచ్చునని లోకము చూచెను.

గాని ఆ ఇంటి పని ఎవరు చేసిరి? కాతరీనమ్మగారు పశువులను మేపించెను, తోట వేయించెను, పానీయము కాచెను, పొలము చూచెను, లెక్కలు సరిచూచెను, పిల్లలను కని పెంచెను, ఇద్దరు బిడ్డలను పాతిపెట్టెను. బల్లయొద్ద లూథరుగారు పలికిన మాటలను విద్యార్థులు వ్రాసికొనిరి. అవి 1566లో గ్రంథముగా అచ్చయ్యెను. అదే బల్లమీద అన్నము పెట్టినామె కష్టమును ఎవరు వ్రాసికొనిరి?

మేము లూథరుగారిని నిందించుటకు ఈ మాట వ్రాయుట లేదు. ఆయన తన భార్యను మిక్కిలి గౌరవించెను. తన మరణానంతరము ఇంటి పెత్తనము ఆమెకే ఉండవలెనని కోరెను. మేము చెప్పునది ఇంతే: సంస్కరణలో మఠపు తలుపు మన ఇండ్లకు వచ్చెను, మఠపు వంతుల పట్టిక రాలేదు. తెరచిన తలుపు తెచ్చుకొని, వారపు వంతును అక్కడనే విడిచితిమి. అందువలన మఠములో అందరును పంచుకొన్న బరువు మన ఇండ్లలో ఒక్క మనిషి తలమీద పడెను. వ్రతములను విడుచుట మంచిది. వంతును విడుచుట లేఖనములో ఎక్కడను లేదు.

లేఖనము ఏమి చెప్పుచున్నది?

అబ్రాహామును చూడుడి. మధ్యాహ్నపు ఎండలో ముగ్గురు మనుష్యులు కనబడగానే ముసలివాడు పరుగెత్తెను. శారాను త్వరగా పిండి పిసికి రొట్టెలు చేయుమనెను, నిజమే. అయితే అక్కడ కూర్చుండిపోయెనా? తానే పశువుల మందకు పరుగెత్తి మంచి దూడను తెచ్చెను. వెన్నయు పాలును దూడ మాంసమును తానే వారి యెదుట పెట్టెను. వారు తినుచుండగా చెట్టు క్రింద నిలువబడెను. ఇంట ఎందరో పనివారు గల ధనవంతుడు అతిథుల యెదుట సేవకునివలె నిలిచెను. శారా పనిలో ఉన్నప్పుడు అబ్రాహాము కాళ్లు ఊరకుండలేదు.

మార్తను చూడుడి. ఆమెను ప్రభువు మందలించెనని మనము పదే పదే ప్రసంగింతుము. ఆమె అడిగినదేమి? ఒంటరిగా విడువబడితినని, సహాయము కావలెనని అడిగినది. ప్రభువు ఆమె పనిని తప్పుపట్టలేదు, అనేక సంగతులనుగూర్చి తొందరపడుటను చూపెను; మరియ పాదములయొద్ద కూర్చుండి నేర్చుకొను భాగమును ఆమెనుండి తీసివేయననెను. స్త్రీకి వాక్యము వినుటకు హక్కున్నదని ప్రభువే చెప్పిన తరువాత, ఆ హక్కు నిలుచుటకు ఇంటిలో మిగిలినవారు ఏమి చేయవలెను? మరియలను మెచ్చుకొనుచు, ప్రతి ఇంట ఒక మార్తను తయారు చేయుచుండుట న్యాయమా?

అన్నిటికంటె గొప్ప సాక్ష్యము తిబెరియ సముద్రతీరమున ఉన్నది. మరణమును జయించిన ప్రభువు తెల్లవారుజామున ఒడ్డున నిలిచెను. శిష్యులు రాత్రియంతయు వల లాగి అలసి వచ్చిరి. అక్కడ నిప్పులు రాజుకొని యుండెను, నిప్పులమీద చేప యుండెను, రొట్టెయు ఉండెను. వచ్చి భోజనము చేయుడని పిలిచిన ఆయనే రొట్టె తీసికొని పంచిపెట్టెను, చేపయు అట్లే పంచెను. పరలోకమందును భూమిమీదను సర్వాధికారము పొందినవాడు మేకుల గాయములు గల చేతులతో పొయ్యి రాజేసెను. పిలిచినవాడే వడ్డించెను. ఇది చూచిన తరువాత, "వంటపని పురుషునికి తగదు" అను మాట క్రైస్తవుని నోట ఎట్లు వచ్చును?

కర్మన్‌ఘాట్‌లో ఇది ఎట్లు సాధ్యము?

మఠవాసులకు పిల్లలు లేరు; వారికి భూమి ఉన్నది, గదులున్నవి, పని పంచుకొన చాలినంత మంది సహోదరులున్నారు. మనకో? ఈ ప్రశ్నను గాలిలో విడువక ఒక స్థలమున నిలిపి అడుగుదము. హైదరాబాదు తూర్పున కర్మన్‌ఘాట్ ఒకప్పుడు నగరమునకు వెలుపలి పల్లె. ఆంజనేయ దేవాలయమువలన పేరు పొందినది. ఇప్పుడది నగరములో కలిసిపోయి, కాలనీలతో నిండినది. ప్రక్కనే దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లు, కోచింగు కేంద్రములు, ఇటు ఎల్.బి. నగర్ చౌరస్తా, అక్కడికి 2018 సెప్టెంబరులో మెట్రో రైలును వచ్చెను. విజయవాడ దారినను సాగర్ దారినను వచ్చు పల్లె జనులకు నగరపు మొదటి గుమ్మము ఇదే. మన గ్రామ సంఘముల బిడ్డలు అనేకులు ఆ ప్రాంతమున రెండు గదుల అద్దె ఇండ్లలో కాపురమున్నారు. పల్లెలో ఎవరికి జబ్బు చేసినను, ఎవరి పిల్లవానికి పరీక్ష ఉన్నను, మొదట జ్ఞాపకము వచ్చునది ఆ రెండు గదులే.

ఆ ఇంట ఏమి జరుగునో ఊహింపుడి. ఊరినుండి అన్న ఫోను చేయును. తమ్ముడు, "రండి అన్నా, మన ఇల్లే గదా" అనును. మంచి మాట! మరునాడు రోగియు, వెంట ఇద్దరును వత్తురు. తమ్ముని భార్య కూడ ఉదయమే పనికి పోవునదే. తెల్లవారకముందే ఆమె లేచి ఆరుగురికి వండవలెను, రోగికి జావ కాయవలెను, నీళ్లు పట్టవలెను, సాయంకాలము వచ్చి మరల పొయ్యి వెలిగింపవలెను. పది దినములైన తరువాత ఆమె ముఖము చిన్నబోయిన యెడల, "నగరమునకు పోయి గర్వించినది" అని ఊరిలో మాట పుట్టును. ప్రియులారా, అది గర్వము కాదు, అలసట. సహాయకుని పంపవలసిన చోట మనము నింద పంపుచున్నాము. ఇట్లే తలుపులు మూయబడును. ప్రేమ లేక మూయబడిన తలుపులకంటె, పంచుకొనువారు లేక మూయబడిన తలుపులు మన సంఘములలో ఎక్కువని మేము తలంచుచున్నాము.

చేర్చుకొనుటకు హద్దు ఉండరాదా? ఉండవచ్చును. ఎదిగిన ఆడపిల్లలున్న చిన్న ఇంటిలో తెలియనివానిని పండుకొనబెట్టుట విశ్వాసము కాదు, అజాగ్రత్త. అపొస్తలుల బోధ అని పేరుగల అతి ప్రాచీన క్రైస్తవ గ్రంథము కూడ, దారిన పోవుచు వచ్చినవాడు రెండు మూడు దినములకు మించి ఉండరాదనియు, స్థిరపడగోరిన యెడల పని చేసికొని తినవలెననియు చెప్పుచున్నది. బెనెడిక్టు మఠములో కూడ అతిథికి అతని గది ఉన్నది. మితిమీరి కోరుచు ఇతరులను చెరుపు పరదేశి సన్యాసిని మర్యాదగా పంపివేయుమను నియమమును ఉన్నది. హద్దు లేని ఆతిథ్యము నాలుగు దినములలో కూలిపోవును. క్రమము ప్రేమకు శత్రువు కాదు, గట్టు వంటిది. గట్టు లేని చెరువులో నీరు నిలువదు.

మరియొక హద్దు మాత్రము క్రీస్తునందు నిలువరాదు. అది కులపు హద్దు, ధనపు హద్దు. దోర్నకల్ ప్రాంతమునకు 1909లో మిషనెరీగా వచ్చి, 1912లో బిషప్పైన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు, 1910లో ఎడింబరో మహాసభలో మిషనెరీల యెదుట నిలిచి, మీరు బీదలకు ఎంతయో ఇచ్చితిరి గాని మాకు మీ స్నేహము కావలెనని వేడుకొనెను. ధర్మము చేయుట సులభము, ఒక బంతిని కూర్చుండబెట్టుకొనుట కష్టమని ఆయన మాటలోని వేదన. ఆనాడు ఆ మాట దొరలకు తగిలెను. నేడు మనకు తగులవలెను. ప్రభువు బల్లయొద్ద ఒకే రొట్టెలో పాలు పొంది, బయటకు వచ్చి పల్లె పల్లెకు, కులము కులమునకు వేరు బంతులు వేసిన యెడల, ఆ బల్లను మనము ఏమి చేసినట్లు? ధనవంతునికి పీటయు బీదవానికి అరుగును వేసిన యెడల, ఆ వృద్ధ ద్వారపాలకుడు మనలను చూచి ఏమనుకొనును?

ఈ నెల చేయదగినవి

ఒకటి: ఇంట వండువారిని అడుగక ఎవరిని భోజనమునకు పిలువవద్దు. ఆ అడుగుట యజమానికి అవమానము కాదు. భార్యయు కృపావరములో పాలివారలని పేతురు (1 పేతురు 3:7) చెప్పియున్నాడు.

రెండు: పిలిచిన పురుషుడు చేతితో ఒక పని చేయవలెను. నీళ్లు తెచ్చుటయో, వడ్డించుటయో, గిన్నెలు కడుగుటయో ఏదైనను సరే. కుమారులకు కూడ వంతు ఇయ్యుడి. పాస్టర్లమైన మేమును దీనికి వెలుపలివారము కాము.

మూడు: నగరములో ఉన్న మన బిడ్డల ఇంటికి రోగితో పోవునప్పుడు ముందుగా తెలియజేసి, ఎన్ని దినములో చెప్పి, బియ్యము పప్పు మూటకట్టుకొని పోవుడి. అక్కడ ఊరక కూర్చుండక పనిలో చేయి వేయుడి. చేయి వేయు అతిథి రెండవ మారు కూడ ప్రియుడే.

నాలుగు: స్త్రీల సమాజము వారు దినదినము తీసి ఉంచు పిడికెడు బియ్యములో ఒక భాగము పరదేశుల కొరకు ప్రత్యేకింపుడి. రోగులను చేర్చుకొను ఇండ్లకు అది చేరవలెను. సంఘపు పెద్దలు, యౌవనస్థులు వంతుల పట్టిక వ్రాసి, ఆ ఇండ్లకు సహాయము పంపవలెను.

అయిదు: తిరిగి పిలువలేనివానిని ఒక్కనినైనను ఈ నెల మీ బంతిని కూర్చుండబెట్టుడి (లూకా 14:12–14).

మనలో ఎవరును కొండమీద మఠము కట్టనక్కరలేదు. ఒక వారము ఒక ఇంట వంతు మారిన యెడల చాలును. ఆ ఇంట ఇల్లాలు ఆదివారము చివరి ఆశీర్వాదము వరకు గుడిలో నిమ్మళముగా కూర్చుండిన యెడల, అదియే ఆ ఇంటికి వచ్చిన రక్షణానందమునకు గురుతు.

ప్రార్థన: ప్రభువా, ఒడ్డున నిప్పులు రాజేసి మమ్మును పిలిచినవాడా, మా తలుపులను తెరువుము. తెరచిన తలుపు వెనుక ఒంటరిగా కష్టపడువారిని చూచు కన్నులను మాకిమ్ము. మా నోటి పిలుపును మా చేతులు నెరవేర్చునట్లు చేయుము. ఆమేన్.